నాలుగో అంతస్తులో కొన్ని ఇబ్బందులు

పంజాగుట్ట,
ఫిబ్రవరి 11

రఘురామ్,

ఆ తాళం వేసింది నువ్వే. తాళంచెవి నీ జేబులో లేదని తప్పించుకోకు. పందొమ్మిది మంది ఆడవాళ్ళు పొద్దున తొమ్మిదినుంచి సాయంత్రం ఏడుదాకా చుక్క నీళ్ళు తాగకుండా కూర్చుని జాకెట్లు కుడుతున్నారంటే దానికి నువ్వు బాధ్యుడివి.

కంగారుపడకు, వివరంగానే రాస్తాను. అమీర్‌పేటకీ పంజాగుట్టకీ మధ్య మెట్రోలో రెండు నిమిషాలు. అయినా పోస్టులో వేస్తున్నాను. ఫోన్ చేస్తే నవ్వుతావు. ఆ నవ్వుకి ముప్పై ఏళ్ళుగా మెత్తబడుతూనే ఉన్నాను. వాట్సాప్‌లో పెడితే బొటనవేలి బొమ్మ పంపిస్తావు. ఉత్తరమైతే నువ్వు కూర్చోవాలి, ఆలోచించాలి, మాట తర్వాత మాట పేర్చాలి. అదీ తెలుగులో. అక్కడైనా దొరుకుతావేమోనని.

నా జాకెట్లు కుట్టే పోశవ్వ గురించి నీకెప్పుడూ చెప్పినట్టు లేదు. సిరిసిల్ల మనిషి. మగ్గం పని పోయాక భర్త భిక్షపతితో వచ్చి బల్కంపేటలో ఉంటోంది. అమీర్‌పేటలో ఒక కాంప్లెక్సు నాలుగో అంతస్తులో భానుశ్రీ అనే ఆవిడ కుట్టుషాపు నడుపుతుంది. అందులో పోశవ్వ పదేళ్ళుగా మిషను తొక్కుతోంది. మొన్న కొలతలకని వెళ్ళాను. మనిషి సగమైపోయింది. పెదాలు ఎండి చీలిపోయాయి. నా సంచిలో ఉన్న నీళ్ళసీసా తీసి ఇస్తే చేత్తో పక్కకు జరిపింది.

"వద్దు మేడం. తాగితే పోవాలె. పోనీకి జాగ లేదు."

ఎందుకు లేదని అడిగితే, ఆ అంతస్తు మొత్తానికి ఉన్న ఒకే ఒక్క మరుగుదొడ్డి దగ్గరికి తీసుకెళ్ళి, తలుపు మీద అంటించిన కాగితం చూపించింది. ఇంగ్లీషు కాగితం. ఫొటో తీసుకోలేదు, నిలబడి చేత్తో రాసుకున్నాను. 'ద మెయింటెనెన్స్ ఆఫ్ ద ఫోర్త్ ఫ్లోర్ ఫెసిలిటీ ప్రెజెంట్స్ సర్టెన్ డిఫికల్టీస్. ద కోఆపరేషన్ ఆఫ్ ఆల్ ఆక్యుపెంట్స్ ఈజ్ సొలిసిటెడ్.'

ఎంత శుభ్రంగా ఉందో చూడు. ఇందులో తాళం వేసినవాడు లేడు. తాళమూ లేదు. మరుగుదొడ్డి అసలే లేదు. ఒక ఫెసిలిటీ ఉంది, దానికి పాపం డిఫికల్టీస్ వచ్చాయి, అవీ ఏవో కొన్ని. పందొమ్మిది మంది సహకారం కోరబడుతోంది. ఎవరు కోరుతున్నారయ్యా అంటే ఆ కోరేవాడూ లేడు. కాగితం తనంతట తనే పుట్టి, నడుచుకుంటూ వెళ్ళి, తలుపుకి అంటుకుంది.

ఆ తలుపు వెనక ఏముందో చెప్పనా? పక్కనున్న కంప్యూటర్ కోచింగ్ సెంటరు వాళ్ళ ఇన్వర్టర్ బ్యాటరీలు. బిల్డింగ్ ఓనరు సూర్యనారాయణ గారు వాళ్ళకి హాలుతో పాటు ఆ గదినీ అప్పగించేశారు. దొడ్డి మీద చెక్కలు పరిచి, వాటిమీద బ్యాటరీలు పేర్చారు. కుళాయిలో నీళ్ళు వస్తున్నాయి. గొట్టాలు పగల్లేదు. నీ మెయింటెనెన్స్‌కి ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా ఆడవాళ్ళది. నాలుగంతస్తులు దిగి, రోడ్డు దాటి, మెట్రో స్టేషన్ దాకా పోయి, మళ్ళీ ఎక్కి రావాలి. అరగంట. వెళ్ళిన టైమూ వచ్చిన టైమూ భానుశ్రీ పుస్తకంలో రాయిస్తుంది. మూడుసార్లు రాయిస్తే మర్నాడు పిలిచి అడుగుతుంది. అందుకని అందరూ కలిసి ఒక తెలివైన పని చేశారు. నీళ్ళు మానేశారు.

'సొలిసిటెడ్' చూడగానే నీ చెయ్యి గుర్తుపట్టాను. ఆ మాటని ఇంకా బతికించి ఉంచినవాడివి ఈ చుట్టుపక్కల నువ్వొక్కడివే. మనం కాలేజీలో ఉండగా హాస్టల్ గోడమీద 'అన్నంలో పురుగులు' అని నిలువెత్తు అక్షరాలతో రాసినవాడివి కదా. ఆ రోజు ఆ పురుగులు నీకు పురుగుల్లాగే కనిపించాయి. ఎప్పుడు మారాయి?

జవాబు రాయి.

మంజూష


అమీర్‌పేట,
ఫిబ్రవరి 19

మంజూషా,

నీ ఉత్తరం నాలుగో రోజుకి అందింది. రెండు నిమిషాల దూరానికి అది మంచి వేగమే. మొదటి వాక్యంలో ముద్దాయిని చేశావు, రెండో వాక్యంలో వాదన కొట్టేశావు, మూడో వాక్యంలో శిక్ష. నువ్వు జడ్జివి కాకుండా పత్రికలకి వ్యాసాలు రాసుకుంటున్నందుకు ఈ ఊరు సంతోషించాలి.

ఒక్క రోజు నా దగ్గర కూర్చుని చూడు. నా బోర్డు మీద 'ఇంగ్లీషులో ఉత్తరాలు, అర్జీలు, సంజాయిషీలు రాయబడును' అని ఉంటుంది. మొన్న పొద్దున తారక్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఆయన వచ్చాడు. ఇచ్చిన పని అతనికి రాదు. ఆ సంగతి మేనేజర్‌కి చెప్పాలి, ఉద్యోగం పోకూడదు. 'ద టాస్క్ ప్రెజెంట్స్ ఎ స్టీప్ లెర్నింగ్ కర్వ్' అని రాసిచ్చాను. మర్నాడు వచ్చి, అతనికి ట్రైనింగ్ ఇప్పిస్తున్నారని స్వీట్లు పెట్టాడు. మధ్యాహ్నం ఇంకొకాయన. సంబంధం కుదుర్చుకున్నాక పెళ్ళికొడుకు తాగుతాడని తెలిసింది. ఆ మాట మధ్యవర్తికి రాయాలి, అతను నొచ్చుకోకూడదు. 'సర్టెన్ లైఫ్‌స్టైల్ కన్సర్న్స్.' ఎవరికీ పరువు పోలేదు, పెళ్ళి ఆగిపోయింది. మనిషికీ మనిషికీ మధ్య కాస్త దూది పెడతాను, మంజూషా. అదే నా వ్యాపారం. నువ్వు దాన్ని అబద్ధం అంటావు. దూది లేకపోతే ఈ ఊళ్ళో సగం మంది తలలు పగిలి ఉండేవి.

నాలుగో అంతస్తు నేను చూడలేదు. సూర్యనారాయణ గారి మనిషి వచ్చి, "నాలుగో ఫ్లోర్‌ల బాత్రూం ప్రాబ్లం ఉన్నది సార్, జర ఒక నోటీస్ కొట్టుండ్రి" అన్నాడు. కొట్టాను. పది నిమిషాల పని. బ్యాటరీల సంగతి అతను చెప్పలేదు, నేను అడగలేదు. ప్రతివాడినీ తలుపు వెనక ఏముందని అడుగుతూ కూర్చుంటే నా దగ్గరికి రెండోసారి ఎవడూ రాడు.

నీకో ప్రశ్న. 'ఇక్కడ బ్యాటరీలు పెట్టాం, మీరు వేరేచోటికి పొండి' అని తెలుగులో రాసి అంటిస్తే ఆ తలుపు తెరుచుకునేదా? తాళం వేసింది ఓనరు. నా కాగితం లేకపోయినా ఆ తాళం ఉండేది. నువ్వు ఓనరుని వదిలేసి కాగితం మీద యుద్ధం ప్రకటించావు, ఎందుకంటే కాగితం రాసినవాడి ఇంటి చిరునామా నీ దగ్గరుంది.

సరే, తప్పు దిద్దుకునే అవకాశం ఇవ్వు. ఆ పోశవ్వ గారిని నా దగ్గరికి పంపించు. వాళ్ళ తరఫున మంచి అర్జీ రాసిస్తాను. ఊరికే రాసిస్తాను. అమీర్‌పేటలో తెలుగు కాగితం ఇస్తే పకోడీలు కట్టుకుంటారు. ఇంగ్లీషు కాగితమైతే కనీసం ఫైల్లో పెడతారు.

రఘురామ్


పంజాగుట్ట,
మార్చి 24

రఘురామ్,

నాలుగో అంతస్తు చూడలేదని రాశావు. అక్షరాలా నిజం. నువ్వు దాని కిందనే కూర్చుంటావు కాబట్టి కనపడదు. అదే కాంప్లెక్సులో, మెట్ల కింద గదిలో. మెట్లెక్కుతూ పక్కకి చూడక, నీ ఆఫీసు ఇంకా పాత సందులోనే ఉందనుకుని నేను ఉత్తరాలు నీ ఇంటికి వేస్తున్నాను. పోశవ్వ నవ్వింది. "సారు కిందనే కూసుంటడు కద మేడం. పొద్దుగాల మేమే నమస్తె పెడ్తం." పందొమ్మిది మంది నీ నెత్తిమీది మెట్లమీంచి దిగి రోడ్డు దాటుతుంటే, కింద నువ్వు ఊరందరికీ దూది పంచుతున్నావు.

అది పక్కన పెడతాను. నా బల్లమీద నాలుగు కాగితాలున్నాయి. మొదటిది పోశవ్వ వాళ్ళు నీ దగ్గర రాయించుకున్న అర్జీ. నేను పంపలేదు, వాళ్ళంతట వాళ్ళే వచ్చారు, ఇంగ్లీషు కాగితమైతే పని అవుతుందని. రెండోది దానికి సూర్యనారాయణ గారి జవాబు. మూడోది జవాబుకి వీళ్ళ జవాబు. నాలుగోది మళ్ళీ ఆయనది. నాలుగింటికీ ఒకే అక్షరాలు, ఒకే మార్జిన్, పైన తేదీ దగ్గర ఒకే వంకర. రెండు పక్షాలూ నీ దగ్గరికే వచ్చాయి. నువ్వు ఇద్దరికీ రాశావు. నీతో నువ్వే ఉత్తరాలు రాసుకున్నావు.

ఇప్పుడు అవి వరసగా చదువుతాను, విను. వీళ్ళు: 'వీ ఆర్ ఎక్స్‌పీరియెన్సింగ్ సమ్ ఇన్‌కన్వీనియెన్స్.' ఆయన: 'వీ అప్రీషియేట్ ద ఛాలెంజెస్ ఎక్స్‌ప్రెస్డ్.' వీళ్ళు: 'వీ థాంక్ యూ ఫర్ యువర్ అండర్‌స్టాండింగ్.' ఆయన: 'వీ ఆర్ గ్లాడ్ ద మ్యాటర్ స్టాండ్స్ అమికబ్లీ క్లోజ్డ్.'

రాజీ అయిపోయింది. నాలుగు ఉత్తరాల్లో, మూడు వారాల్లో, ఎవరికీ పరువు పోకుండా. మనుషులు ఇంకా మెట్లు దిగుతూనే ఉన్నారు, కాగితాలు మాత్రం ఒకదాన్నొకటి కౌగిలించుకుని విడిపోయాయి.

ఆ నాలుగింటినీ పోశవ్వ ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చింది. వర్షం లేదు, అయినా కవరు. ఆవిడ మాటలు ఆవిడ అన్నట్టే రాస్తున్నాను. "మస్తు మంచిగ రాసిండు మేడం సారు. ఓనరు సుత రెండుసార్లు జవాబిచ్చిండు. ఇగ తాళం ఎప్పుడు తీస్తరో గది జర చదివి చెప్పుండ్రి."

చదివాను. రెండుసార్లు చదివాను. తీస్తామని లేదమ్మా అన్నాను. మరి ఏముంది అంది. సంగతి అయిపోయింది, మీరు కృతజ్ఞతలు చెప్పారు అని ఉంది అన్నాను. ఆవిడ నా మొహం చూసి, కాగితాలు చూసి, కవరు తీసుకుని అన్నీ మళ్ళీ అందులో సర్దింది. ఆ కవరు నా దగ్గరే వదిలేసి వెళ్ళిపోయింది.

ఓనరుని వదిలేశానన్నావు. ఫోన్ చేశాను. "ఇట్స్ ఎ ఛాలెంజ్ మేడం, వీ ఆర్ సీజ్డ్ ఆఫ్ ద మ్యాటర్" అన్నాడు, అంటే సంగతి పరిశీలనలో ఉందట. పెనుగొండ మనిషి, తెలుగులో మాట్లాడండి అంటే కూడా అదే మాట ఇంకోసారి అన్నాడు. నువ్వు రాసిచ్చిన ఉత్తరాల్లోంచే నేర్చుకుని ఉంటాడు. కాగితం తాళాన్ని వెయ్యదంటావు. తాళం గురించి అడగడానికి వెళ్ళినవాళ్ళ నోట్లో ఏ మాట ఉండాలో అది నిర్ణయిస్తోంది. అది చాలదా?

దీనిమీద వ్యాసం రాశాను. పోయిన ఆదివారం వచ్చింది. కత్తిరించి జతచేస్తున్నాను. నీకు చదివే ధైర్యం ఉంటే చదువు.

మంజూష


అమీర్‌పేట,
ఏప్రిల్ 6

మంజూషా,

చదివాను. నేనే కాదు, పోశవ్వకీ చదివి వినిపించాను. ఆ సంగతి చివర్న చెప్తాను.

ఇద్దరికీ నేనే రాశాను. అవును. ఈ గల్లీలో అలాగే జరుగుతుంది. నోటీసు ఎక్కడ కొట్టించారో దాని సంజాయిషీ కూడా అక్కడే కొట్టిస్తారు. మెట్లు దిగితే నేనే కదా ఉన్నది. ఒకసారి మొగుడికీ పెళ్ళానికీ కూడా ఒకే రోజు రాశాను, అరగంట తేడాతో. తప్పని ఎప్పుడూ తోచలేదు. వకీళ్ళకైతే రెండువైపులా నిలబడకూడదని రూలుంది. నేను వకీలుని కాను, టైపు కొట్టేవాడిని.

కానీ నువ్వు ఒకటి తెలుసుకోవాలి. ఆ రోజు పోశవ్వా, ఇంకో నలుగురూ నా గదికి వచ్చారు. గుమ్మంలోనే నిలబడ్డారు. ఏమిటమ్మా సమస్య అని అడిగాను. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. "జర ఇబ్బంది అయితుంది సార్" అంది పోశవ్వ. ఎక్కడ ఇబ్బంది? "పైన." ఏం ఇబ్బంది? "ఆడోళ్ళ ఇబ్బంది." మరుగుదొడ్డి అని రాయనా అన్నాను. ఐదుగురూ ఒక్కసారే వద్దన్నారు. "గా మాట రాయకుండ్రి సార్. ఓనరు మొగాయన, చదువుతడు. మంచిగ రాయుండ్రి." నేను మంచిగా రాశాను. ఇబ్బంది వాళ్ళ మాటే, మంజూషా. సిగ్గుతో అన్న మాట. నేను దానికి ఇంగ్లీషు తొడిగాను. నేను తొడిగిన ఇంగ్లీషే ఓనరుకి ఆసరా అయ్యింది. ఇది నేను ఒప్పుకుంటున్నాను, నువ్వు అడగకముందే.

మూడో ఉత్తరంలో థాంక్స్ చెప్పడం నాది. పోశవ్వ అడగలేదు. జవాబు వచ్చినప్పుడు థాంక్స్ చెప్పడం పద్ధతి కాబట్టి వేశాను. చెయ్యి అలవాటు.

ఇప్పుడు నీ వ్యాసం. శీర్షిక: 'శ్రామిక స్త్రీ దేహంపై నిశ్శబ్ద హింస: ఒక నగర సందర్భం'. మొదటి పేరాలో ప్రపంచీకరణ. రెండో పేరాలో పితృస్వామ్యపు స్థల రాజకీయాలు. మూడో పేరాలో 'శరీరావసరాల నిరాకరణ'. అంటే ఏమిటి? నా ఫెసిలిటీకి నీ శరీరావసరం అక్కచెల్లెలు కాదూ? ఆ వ్యాసం పొడుగునా వెతికాను. తాళం ఉంది, నిజం చెప్పాలి, ఒకచోట ఉంది, 'ఆధిపత్యపు తాళం' అని. దానికి చెవి ఉండదు. కాంప్లెక్సు పేరు లేదు. ఓనరు పేరు లేదు. ఏ అంతస్తో లేదు. ఏ గల్లీలో ఏ తలుపు తెరవాలో నీ పాఠకుడికి తెలియదు. పాపం తలూపి, కాఫీ తాగి, ఆటల పేజీకి వెళ్ళిపోతాడు.

పోశవ్వ కిందికి దిగుతుంటే పిలిచి, మీ గురించి పేపర్లో పడిందమ్మా అని చెప్పాను. సంబరపడింది. మిగతా వాళ్ళనీ పిలిచింది. నేను చదివాను. మొదటినుంచి చివరిదాకా, తడబడకుండా. ఎనిమిది నిమిషాలు. వాళ్ళు మెట్ల మీద కూర్చుని విన్నారు. అయిపోయాక పోశవ్వ అడిగింది.

"ఇది ఎవరి గురించి సార్?"

నేను ఇంగ్లీషులో చేశాను, నువ్వు తెలుగులో చేశావు. ఇంతకన్నా తేడా నాకు కనిపించడం లేదు.

రఘురామ్


పంజాగుట్ట,
జూన్ 20

రఘురామ్,

ఆ ప్రశ్నకి రెండు నెలలు జవాబు వెతికాను. నీమీద కోపంతో ఆరు పేజీలు రాశాను, చింపేశాను. ఎందుకంటే ప్రతి పేజీలోనూ నువ్వు చెప్పినట్టే రాశాను.

ఇది వాదన కోసం రాస్తున్న ఉత్తరం కాదు. పోశవ్వకి జ్వరం ముదిరి పోయిన నెలాఖరున ఆస్పత్రిలో చేర్చారు. మూత్రం దగ్గర మొదలైన ఇన్ఫెక్షను కిడ్నీలకి ఎక్కింది. తొమ్మిది రోజులుంది. నేను వెళ్ళినరోజు డాక్టరమ్మ రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతావని అడుగుతోంది. పొద్దున ఆరింటికి ఒక గ్లాసు, మళ్ళీ ఇంటికి పోయినాక అంది పోశవ్వ. పక్కన భిక్షపతి తలవంచుకుని నిలబడ్డాడు. అతనికి తెలియదట. నాలుగు నెలలుగా పెళ్ళాం నీళ్ళు తాగడం లేదని ఇంట్లో తెలియదు. ఇలాంటి సంగతి మొగుడికి కూడా ఎట్లా చెప్పేది అందిట.

ఇంటికి వచ్చింది. లేచి తిరుగుతోంది. నిన్న భానుశ్రీ దగ్గరినుంచి ఒక ఉత్తరం అందింది, నా దగ్గరికి పంపించింది చదివి చెప్పమని. 'యువర్ ప్రొలాంగ్డ్ ఇన్‌డిస్పొజిషన్ ప్రెజెంట్స్ ఎ డిఫికల్టీ' అని మొదలవుతుంది. పెళ్ళిళ్ళ ఆర్డర్లకి ఆవిడ జబ్బు ఒక ఇబ్బంది. కాబట్టి 'కన్‌స్ట్రెయిన్డ్ టు డిస్‌కంటిన్యూ'. పదేళ్ళ పని పోయింది.

దొడ్డికి తాళం వేస్తే అది ఫెసిలిటీకి ఇబ్బంది. దానివల్ల మనిషి జబ్బుపడితే అది షాపుకి ఇబ్బంది. ఈ మొత్తం కథలో ఇబ్బంది పడనిది పోశవ్వ ఒక్కతే.

ఒక్క మాట చెప్పు. ఇది కూడా నువ్వేనా?

మంజూష


అమీర్‌పేట,
జూలై 3

మంజూషా,

అవును.

భానుశ్రీ మనిషి వచ్చి పేరు ఖాళీగా వదిలెయ్యమన్నాడు. ఆ ఖాళీ ఎవరిదని అడగలేదు. ఎవరినైనా తలుపు వెనక ఏముందని అడగనని నీకు గొప్పగా రాశాను కదా. ఇప్పుడు తెలిసింది.

మెట్ల కింద గది గురించి కూడా చెప్పాలి. దానికి అగ్రిమెంటు లేదు. ఆరేళ్ళ కిందట సూర్యనారాయణ గారు నోటిమాటగా ఇచ్చారు. ఆయనకి ఎప్పుడు ఏ కాగితం కావాలన్నా రాసిపెట్టడమే నా అగ్రిమెంటు. రాయనన్న రోజు ఆ గదీ ఉండదు. ఇది నీకు ఫిబ్రవరిలోనే రాయాల్సింది. రాయలేదు. నా గురించి రాసుకోవాల్సి వచ్చినప్పుడు నాకూ దూదే దొరికింది.

మొన్న బల్కంపేట వెళ్ళాను. ఎల్లమ్మ కల్యాణం, రోడ్లన్నీ మూసేశారు. అమీర్‌పేటనుంచి జనంలో తోసుకుంటూ నడిచాను. పోశవ్వ వాళ్ళ గదినిండా చుట్టాలు. కుట్టుషాపునుంచి ఏడుగురు వచ్చి ఉన్నారు, సెలవు పెట్టి. భిక్షపతి నన్ను చూసి లోపలికి రమ్మనలేదు, పొమ్మననూ లేదు. నేనే గుమ్మంలో కూర్చున్నాను. ఆ ఉత్తరం నేనే రాశానని చెప్పాను, తెలుగులో, ఒకే వాక్యంలో. అంత చిన్న వాక్యం రాసి ఎన్నేళ్ళయిందో.

ఒకావిడ, "మా సంతకాలు మాకే తెల్వకుండ అమ్మినవు సార్" అంది. నిజానికి అమ్మలేదు, ఊరికే ఇచ్చాను. అది ఇంకా అధ్వాన్నం.

మళ్ళీ రాస్తాను, ఈసారి మీరు చెప్పినట్టు రాస్తాను అన్నాను. కాగితం తీశాను. ఏం రాయమంటారు అని అడిగాను. పాత అలవాటు కొద్దీ వాళ్ళు మళ్ళీ మొహాలు చూసుకున్నారు. అప్పుడు పోశవ్వ మాట్లాడింది. గట్టిగా కాదు.

"అప్పుడు సిగ్గుపడ్డ సార్. నాలుగు నెలలు సిగ్గుపడ్డ. దవాఖానల డాక్టరు ముందట, నర్సు ముందట, దారిన పోయేటోళ్ళ ముందట గొట్టం పెట్టుకొని పండుకున్న. ఇగ నాకు దాచేటిది ఏం లేదు. దొడ్డి అని రాయి. దొడ్డికి తాళమేసిండ్రని రాయి."

రాశాను. భిక్షపతి చెంబుతో నీళ్ళు తెచ్చి ఆవిడ పక్కన పెట్టాడు. ఆ పూటంతా వాళ్ళు చెప్తూనే ఉన్నారు. నేను ఎక్కడైనా మాట మెత్తబరిస్తే పట్టుకున్నారు. 'దయచేసి' అని రాశాను, కొట్టేయించారు. 'తమరు' అంటే మీరు చాలన్నారు. చివర్న 'కృతజ్ఞతలతో' అని చెయ్యి దానంతటదే వెళ్ళింది, అందరూ ఒకేసారి పట్టుకున్నారు. మర్నాడు పందొమ్మిది మందికీ చదివి వినిపించాకే సంతకాలు పెట్టారు, ఇద్దరు వేలిముద్రలు.

నీకూ నాకూ కూడా అందులో వాటా ఉంది. నా వాటా నేను వాళ్ళు చెప్పినట్టే రాశాను. నీ వాటా తగ్గించమని అడిగాను, ఒప్పుకోలేదు.

ఇవాళ పొద్దున కాపీలు పంచాను. సూర్యనారాయణ గారికి నేనే చేతికిచ్చాను. ఆయన తెలుగు చదవడానికి కళ్ళజోడు వెతుక్కున్నారు. చదివి, ఇది ఎవరు రాశారని అడిగారు. పైన ఉన్నవాళ్ళు చెప్పారు, నేను రాశానన్నాను. సాయంత్రంలోగా గది ఖాళీ చెయ్యమన్నారు. ఈ ఉత్తరం ఇంటిదగ్గరినుంచి రాస్తున్నాను. ఇంటర్లో కొన్న బల్లమీద. టైపు మిషన్లూ కంప్యూటరూ వరండాలో ఉన్నాయి.

నీ కాపీ జతచేశాను. కత్తిరించకుండా వేస్తారేమో నీ పేపరు వాళ్ళని అడుగు.

రఘురామ్


బల్కంపేట,
జూలై 1

కాంప్లెక్సు ఓనరు సూర్యనారాయణ సారుకు, కుట్టుషాపు భానుశ్రీ మేడంకు, పేపర్ల రాసే మంజూష మేడంకు, ఇది రాస్తున్న రఘురామ్ సారుకు,

నాలుగో అంతస్తుల కుట్టుపని చేసేటోళ్ళం, పందొమ్మిది మందిమి, చెప్పి రాపిస్తున్నం. ఇదివరకు మా పేరు మీద ఇంగ్లీషుల రెండు కాగితాలు వచ్చినయి. అవి మేము చెప్పినయి కావు. మేము ఎవలకు థాంక్స్ చెప్పలేదు. అవి చింపెయ్యిండ్రి.

మా దొడ్డికి జనవరి నెలల తాళం ఏసిండ్రు. అండ్ల బ్యాటరీలు పెట్టిండ్రు. మేము నీళ్ళు తాగుడు బంద్ చేసినం. పోశవ్వ దవాఖానల పడ్డది. ఇంకిద్దరికి మంట లేస్తున్నది, వాళ్ళు ఇంట్ల చెప్పలేదు, ఇప్పుడు చెప్పిండ్రు.

మాకు కావలసినవి ఇవి.

1. దొడ్డి తాళం సోమవారం పొద్దుగాల తొమ్మిది లోపట తియ్యాలె. చెవి మా దగ్గర ఉండాలె.

2. బ్యాటరీలు ఏడ పెట్టుకుంటరో మీ ఇష్టం. దొడ్ల పెట్టద్దు.

3. పోశవ్వను పనిలకు తీసుకోవాలె. దవాఖానల ఉన్న దినాలు సెలవు కింద రాయాలె. మానెయ్యమన్న కాగితం వాపస్ తీసుకోవాలె.

4. దొడ్డికి పోయిన టైము పుస్తకంల రాయద్దు. ఆ పుస్తకం బంద్ చెయ్యాలె.

5. మంజూష మేడం మా గురించి రాస్తే, పేపరుకు ఇచ్చే ముందట మాకు చదివి వినిపించాలె. మాకు తెలువని మాట తీసెయ్యాలె. కాంప్లెక్సు పేరు, ఓనరు పేరు, అంతస్తు రాయాలె.

6. రఘురామ్ సారు మా దిక్కు ఉంటరో ఓనరు దిక్కు ఉంటరో చెప్పాలె. రెండు దిక్కుల రాయద్దు.

7. ఏ నోటీసు అయినా తెలుగుల ఉండాలె. కింద పెట్టించినోళ్ళ పేరు ఉండాలె.

8. తాళం తీసేదాక, రెండో అంతస్తుల సూర్యనారాయణ సారు ఆఫీసు బాత్రూం తలుపు మాకు తీసి పెట్టాలె. ఈ కాగితం ముట్టిన తెల్లారి సంది పందొమ్మిది మందిమి అండ్లకే వస్తం. మంచిగ నీళ్ళు తాగి వస్తం.